ఫైళ్ళు పోగొట్టు శాస్త్రీయ విధానం

పదిరోజుల శిక్షణకని సింగపూర్ వెళ్ళిన పెద్ద ఆఫీసరు ఉత్తచేతులతో తిరిగిరాడు. ఒకాయన ఆఫీసు ముందు ఫౌంటెన్ కట్టాలన్న ఆలోచన తెస్తాడు, ఇంకొకాయన వేలిముద్రల యంత్రం తెస్తాడు. రాష్ట్ర శ్రమజీవుల పెట్టుబడి సంస్థకు మేనేజింగ్ డైరెక్టరైన హయగ్రీవరావు గారు "సంస్థాగత జ్ఞాపకశక్తి" అనే మాట తెచ్చారు. విమానం దిగిన మర్నాడే సర్క్యులర్ వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది అధికారులకు తెలియజేయడమేమనగా, దీర్ఘకాలము సేవలందించి పదవీ విరమణ చేయుచున్న అధికారులు తాము నేర్చిన పాఠములను తమ తలలయందే పెట్టుకొని వెడలిపోవుట గమనించడమైనది. సదరు పాఠములు సంస్థ ఖర్చుతో నేర్చినవి గనుక సంస్థ ఆస్తియే. ఇకమీదట పాఠములు అప్పగించనిదే ఎవరికిని రిలీవింగ్ ఆర్డరు గాని పింఛను గాని మంజూరు కాజాలదు. కనీస పాఠములు: ఇరవై ఐదు."

ఈ నిబంధన మొట్టమొదట మెడకు చుట్టుకున్నది పెండ్యాల దామోదరానికి. ఆయన ముప్పై నాలుగేళ్ళ క్రితం గుమాస్తాగా చేరి, మెల్లిగా మెట్లెక్కి, పెట్టుబడుల విభాగంలో సీనియర్ మేనేజరయ్యాడు. జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఎవరైనా గట్టిగా పిలిస్తే ముందు లేచి నిలబడి, ఆ తర్వాత ఎందుకని అడిగే మనిషి.

ఆ సంస్థ చేసే పనేమిటో ముందు చెప్పుకోవాలి. కల్లు గీసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు నెలనెలా కట్టే చందాలతో నలభై రెండు నిధులున్నాయి. ఆ సొమ్ముని కంపెనీల వాటాల్లో పెట్టి పెంచి, వాళ్ళకి ఒంట్లో సత్తువ తగ్గాక పింఛనుగా ఇవ్వాలి. పెంచడానికి పెద్ద పెద్ద చదువులు చదివిన ఆఫీసర్లున్నారు. వాళ్ళు రోజూ పదిన్నరకి మీటింగు పెట్టుకుని, పేపర్లు చదివి, నిన్న కొన్నది అమ్మి మొన్న అమ్మింది కొనేవారు. ఏమీ చెయ్యకపోతే జీతమెందుకని ఎవరైనా అడుగుతారేమోనని వాళ్ళ భయం. ఇంతమంది ఇంత కష్టపడుతున్నా నిధులు మాత్రం ఎదగలేదు. కొన్నప్పుడొక కమీషను, అమ్మినప్పుడొక కమీషను బ్రోకర్లకు పోగా, మిగిలింది సంతలో తప్పిపోయిన మేకపిల్లలా బక్కచిక్కి ఉండేది.

ఇరవై ఏడో నెంబరు నిధి మాత్రం ఏపుగా పెరిగింది. అది సంక్షేమ హాస్టళ్ళ వంటమనుషుల పింఛను నిధి. దాని బాధ్యుడు దామోదరం. పక్క నిధులు రెండింతలవడానికి ఆపసోపాలు పడుతుంటే ఇది నలభై ఇంతలైంది. దామోదరానికి ఏడు శాలువాలు కప్పారు. "పెట్టుబడి మాంత్రికుడు" అని సంస్థ పత్రికలో ఫొటో వేశారు. శాలువా కప్పిన ప్రతిసారీ ఆయన తేలుకుట్టిన దొంగలా నవ్వేవాడు. అది వినయమని అందరూ అనుకునేవారు.

అసలు సంగతి ఇది. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం లోకానికి టేకుచెట్ల పిచ్చి పట్టింది. ఇవాళ మొక్క కొంటే ఇరవై ఏళ్ళకు మేడ కట్టొచ్చని పేపర్ల నిండా ప్రకటనలు. అప్పట్లో వంటమనుషుల నిధి ఆరు కంపెనీల వాటాల్లో ఉండేది. సబ్బులు, బిస్కెట్లు, గోడలకేసే రంగులు, టైర్లు, తలనొప్పి మాత్రలు, కుక్కర్లు చేసుకుని బతికే కంపెనీలు. అవన్నీ అమ్మేసి, వచ్చిందంతా ఒక టేకుతోటల కంపెనీలో పెట్టమని అప్పటి డైరెక్టరు ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో రాసి సంతకం చేశారు. "తక్షణం అమలు చేయవలెను" అని కింద రెండు గీతలు కూడా గీశారు. ఫైలు అమలు కోసం గుమాస్తా దామోదరం బల్లమీదికి వచ్చింది.

ఆ రోజు శనివారం. రెండు గంటల బస్సుకి ఆయన జనగామలో అక్కగారి గృహప్రవేశానికి పోవాలి. నాలుగో అంతస్తు 411 గదిలో ఇనప బీరువాకి ఒక కాలు పొట్టి. తలుపు తెరిచినప్పుడల్లా మీదికి ఒరుగుతుంది. హడావిడిలో దామోదరం, ఒక్క రోజే కదా అని, చేతిలో ఉన్న ఫైలుని మడిచి ఆ కాలికింద తోశాడు. సోమవారం తియ్యబోతే రాలేదు. బీరువా ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి. నలుగుర్ని పిలిస్తే ఎందుకో చెప్పాలి. మంగళవారం చూద్దామనుకున్నాడు. ఆ మంగళవారం ఇంతవరకూ రాలేదు.

ఎనిమిది నెలలు తిరక్కుండా టేకు కంపెనీ బోర్డు తిప్పేసింది. ఈ లోపల ఇరవై ఏడో నిధికి ఫైలు లేదు. ఫైలు లేకపోతే దానిమీద నోటు పెట్టలేరు. నోటు లేకపోతే అమ్మలేరు, కొనలేరు. నెలనెలా వచ్చే చందా పాత ఆదేశం ప్రకారం బ్యాంకు నుంచి నేరుగా ఆ ఆరు కంపెనీల్లోకే పోయింది. ఫైలేదని ఎవరూ అడగలేదు. డిప్యూటీ దగ్గరుందని మేనేజరూ, డైరెక్టరు దగ్గరుందని డిప్యూటీ, సెక్రటేరియట్లో ఉందని డైరెక్టరూ అనుకున్నారు. ప్రభుత్వంలో అందరూ ఒకేసారి అనుకున్నదే నిజం కనక ఆ లెక్కన ఫైలు భద్రంగానే ఉంది.

ఈ నిధి బాగోగులు అడిగే మనిషి ఒకామె ఉండేది. హుజూరాబాద్ బాలికల హాస్టల్లో వంటచేసే బుచ్చవ్వ, వంటమనుషుల సంఘానికి అధ్యక్షురాలు. ఏటా ఏప్రిల్లో బస్సెక్కి హైదరాబాద్ వచ్చి దామోదరం బల్ల ముందు నిలబడేది.

"సారూ, మా పైసలు పైలంగున్నయా?"

"ఎవరూ ముట్టుకోలేదమ్మా."

"గంతే సాలు. ఉడికేటి అన్నంల ఊకూకె గంటె పెడితె మెత్తగ చితికి గట్క అయితది."

ఈ ఏడు వచ్చినప్పుడు ఆమె కూచుంది. ఎప్పుడూ కూచోదు. "మోకాళ్ళు వట్టుకపోయినయి సారూ. వచ్చే జులై పదో తారీకు నుంచి నాకు పించను. నాతోని మూడు వందల మంది. అందరూ పొయ్యికాడ నడుములు ఇరగ్గొట్టుకున్నోల్లే. మొగుడు లేనోల్లు సగం. వస్తది గదా?"

"వస్తుందమ్మా" అన్నాడు దామోదరం. పాత ఆదేశం ప్రకారం బ్యాంకు నుంచి, డివిడెండ్లతోనే ఆ పింఛను వచ్చేస్తుంది, వాటాలు ముట్టక్కర్లేదు. ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు. కానీ ఆ సంస్థలో ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉండడమన్నది అంత తేలిక కాదని ఆయనకి తెలుసు.

పాఠాల ఫారం ముందేసుకుని దామోదరం వారం రోజులు తల పట్టుకున్నాడు. మొదటి గడిలో "ఊరకున్నంత ఉత్తమం లేదు" అని రాశాడు. "బోడిగుండంత సుఖం లేదు" అన్న మిగతా సగం రెండో పాఠంగా చెల్లుతుందేమోనని ఆలోచించి, పెట్టుబడులతో సంబంధం లేదని మానేశాడు. చివరికి డాక్టర్లూ, మందుల షాపులవాళ్ళూ ఇచ్చిన క్యాలెండర్లు దించి, వాటిమీది సూక్తులతో మిగతా ఇరవై నాలుగూ నింపాడు.

మూడోనాటికి ముఖ్య పాఠాధికారిణి కాంచనమాల గారి నుంచి పిలుపొచ్చింది. ఆమెది కొత్త పోస్టు, కొత్త గది, కొత్త ఏసీ.

"దామోదరం గారూ, ఆరో పాఠంలో తొందరపడరాదు అన్నారు. ఏడో పాఠంలో ఆలస్యం చేయరాదు అన్నారు. సంస్థ ఏ పాఠాన్ని అవలంబించాలి?"

"రెండూ వీలునిబట్టి మేడమ్."

"వీలునిబట్టి అనే గడి ఫారంలో లేదు. పైగా ఒక్క పాఠానికీ ఆధార ఫైలు నెంబరు రాయలేదు. ఆధారం లేనిది పాఠం కాదు, పుకారు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇరవై ఏడో నిధి నలభై ఇంతలైంది. ఆ రహస్యం చెప్పకుండా మీరు మిగతా లోకోక్తులన్నీ చెప్పారు. రహస్యంతో గేటు దాటడం సంస్థ ఆస్తిని ఎత్తుకుపోవడం కిందికి వస్తుంది. మీ పింఛను కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఆ నిధి ఫైలు తెప్పించండి."

దామోదరం ఇక నిజం చెప్పేశాడు. ఎంతకాలమని దాచడం? "ఫైలు లేదు మేడమ్. ఇరవై తొమ్మిదేళ్ళయింది పోయి. అందుకే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. అందుకే పెరిగింది." ఎక్కడ పోయిందో మాత్రం చెప్పలేదు. అందులో ఆకుపచ్చ సిరా ఉత్తర్వు కాచుకుని కూచుందని ఆయనకి గుర్తుంది.

సస్పెన్షన్ వస్తుందనుకున్నాడు. సాయంత్రానికల్లా హయగ్రీవరావు గారు స్వయంగా 411 గదికి వచ్చి ఆయన్ని కౌగలించుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఇంత మహత్తర విధానాన్ని గుండెల్లో దాచుకున్నారా! ఒక్క ఫైలు పోతేనే నలభై ఇంతలైతే, నలభై రెండూ పోతే సంస్థ ఎక్కడుంటుందో ఊహించారా?"

"సార్, ఫైలు పోవడం కాదు సార్. ఎవరూ కదపకుండా ఉంటే..."

"ఉద్యోగస్తుల్ని ఊరికే ఉండమని నేను ఆదేశించలేను దామోదరం గారూ. అది సర్వీసు రూల్సుకి విరుద్ధం. ఫైళ్ళు పోగొట్టమని ఆదేశించొచ్చు. అది పనే కదా!"

వారం తిరిగేలోగా "ఫైళ్ళ శాస్త్రీయ అదృశ్య విభాగం" ఏర్పడింది. కాంచనమాల గారు దానికి డైరెక్టరయ్యారు. దామోదరాన్ని రిటైరయ్యేదాకా అదృశ్య సలహాదారుగా వేశారు. మిగిలిన నలభై ఒక్క ఫైళ్ళూ ముప్పై రోజుల్లో పోవాలని లక్ష్యం పెట్టారు.

ఫైలు పోగొట్టడమంటే నోటితో అన్నంత సులువా? ముందు పో-1 ఫారం నింపాలి. అందులో ఫైలు పోగొట్టుకోగోరు కారణము, ఎంతకాలము పోయి ఉండవలెను, చివరిసారిగా చూడబోవు వ్యక్తి పేరు, అతని మామూలు మరపు ఏపాటిది అనే గడులుంటాయి. మూడు నకళ్ళు జతచెయ్యాలి. నకళ్ళు మాత్రం పోకూడదు. స్థల నిర్ణయ సంఘం కూచుని ఏ ఫైలు ఎక్కడ పోవాలో తీర్మానించాలి. ఆ చోటుని ఎర్ర అట్ట రిజిస్టర్లో రాయాలి. ఎక్కడ పోయిందో రాసిపెట్టకపోతే పోయిందని నమ్మకమేముందని కాంచనమాల గారి ప్రశ్న.

ఆఫీసులో పోయిన ఫైళ్ళంటే మొదట గుర్తొచ్చేది అటెండరు యాదగిరి. ఆయన డైరెక్టరు గదిలోకి నిటారుగా నడిచొచ్చాడు.

"మేడమ్, ఇరవై ఆరేండ్ల సంది ఈ ఆఫీసుల ఫైళ్ళు పోగొడుతున్న. ఒక్క రూపాయి అదనంగ అడగలే. గిప్పుడు గా పనికి డిగ్రీ ఉన్నోల్లను తీస్కుంటమని బోర్డు మీద పెట్టిన్రు. ఇది న్యాయమేనా?"

"మీ అనుభవాన్ని గౌరవిస్తున్నాం యాదగిరీ. కానీ మీరు పోగొట్టిన ఫైళ్ళకి రికార్డు లేదు."

"రికార్డు ఉంటే అవి పోయినట్టెట్లయితది మేడమ్?"

కాంచనమాల గారు ఆ ప్రశ్నని పరిశీలనార్థం పైకి పంపించారు.

మొదటి ఫైలు పోయే కార్యక్రమం ఘనంగా జరిగింది. బీడీ కార్మికుల నిధి ఫైలుకి పసుపు కుంకుమ పెట్టి, దండ వేశారు. హయగ్రీవరావు గారు వేదిక మీద అటువైపు తిరిగి, కళ్ళు మూసుకుని, ఫైలుని భుజం మీంచి వెనక్కి విసిరారు. వెనక యాదగిరి పట్టుకుని, రిజిస్టర్లో రాసిన చోటికి — మూడో అంతస్తు మెట్లకింద, ఎడమవైపు, పాత కూలర్ వెనక — తీసుకుపోయి పెట్టాడు. చప్పట్లు మోగాయి. "ఈ ఫైలు పోవడంతో సంస్థ చరిత్రలో నూతనాధ్యాయం దొరికింది" అన్నారు హయగ్రీవరావు గారు.

వారం వారం తనిఖీ ఉండేది. ఒక ఆఫీసరు పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా నిజాయితీగా వెతికి, ఫైలు ఇంకా పోయే ఉందని ధ్రువీకరించాలి. మొదటి శుక్రవారం ఒక డిప్యూటీ మేనేజరు వెతకబోయి పది నిమిషాల్లో కూలర్ వెనక ఫైలు చూశాడు. రిజిస్టర్లో ఉంది మరి, చూడకుండా ఎలా ఉంటాడు! పోయిన ఫైలు కనపెట్టినందుకు ఆయనకి ఒక మెమో ఇచ్చారు. రెండో శుక్రవారం ఆయన కళ్ళు మూసుకుని వెతికి, కనపడలేదని రాశాడు. సక్రమంగా వెతకనందుకు రెండో మెమో ఇచ్చారు. మూడో శుక్రవారం ఆయన సెలవు పెట్టాడు.

ఇంత గందరగోళంలోనూ ఒక విచిత్రం జరిగింది. ఫైళ్ళు పోయిన నలభై రోజుల్లో ఎవరూ ఏదీ కొనలేదు, అమ్మలేదు. పదిన్నర మీటింగులో మాట్లాడేందుకు ఫైలు లేక ఆఫీసర్లు ఉప్మా గురించి మాట్లాడుకున్నారు. నిధులన్నీ బరువు పుంజుకోవడం మొదలుపెట్టాయి. బ్రోకర్లు మాత్రం కమీషన్లు లేక చిక్కిపోయి, కారిడార్లో దీనంగా నిలబడేవారు. దామోదరానికి మొదటిసారి ఒక పిచ్చి ఆశ పుట్టింది. మూర్ఖత్వమే అయితేనేం, బీడీలు చుట్టేవాళ్ళ సొమ్ము కూడా నిలబడుతుందేమో! అలా అనుకున్న మర్నాడే ఆడిట్ దిగింది.

ఆడిట్ ఆఫీసరు పేరు భుజంగరావు. గోదావరి జిల్లా మనిషి, మాట మెత్తన, పెన్సిలు మొన వాడి. రెండ్రోజులు రికార్డులన్నీ చూసి దామోదరాన్ని పిలిచాడు.

"ఏవండీ దామోదరం గారూ, నలభై ఒక్క ఫైళ్ళు నిబంధనల ప్రకారం చక్కగా పోయాయండి. పో-1 ఉంది, తీర్మానం ఉంది, మూడేసి నకళ్ళున్నాయి. మెచ్చుకోవాలి. మీ ఇరవై ఏడోదే అనుమతి లేకుండా పోయిందండి. అది అక్రమం."

"మరేం చెయ్యాలండీ?"

"సక్రమం చెయ్యాలి. ముందు దొరకాలండి. దొరికాక పో-1 పెట్టి, పద్ధతిగా మళ్ళీ పోగొట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

దామోదరం ఆచితూచి అడిగాడు. "మధ్యలో... అంటే దొరికాక, పోయేలోపల... అందులో అమలు కాని ఉత్తర్వు ఏదైనా ఉంటేనో?"

"అరవై ఒకటో రూలు. దొరికిన ఫైలులో పెండింగు ఉత్తర్వులు ఇరవై నాలుగు గంటల్లో అమలవ్వాలండి."

"మాటవరసకి, ఫలానా కంపెనీ వాటాలు కొనమని ఉందనుకోండి. ఆ కంపెనీ ఇప్పుడు లేదనుకోండి."

"కంపెనీ ఉందో లేదో చూడ్డం మన పని కాదండీ బాబూ. అమ్మమంటే అమ్మాలి, పంపమంటే పంపాలి. కంపెనీ లేకపోతే ఆ సంగతి సొమ్ము అందాక వాళ్ళే మనకి రాతపూర్వకంగా తెలియజేస్తారు."

అప్పటికి జూన్ ఇరవై ఏడు. ముప్పయ్యో తారీకులోగా ఫైలు దొరక్కపోతే దామోదరం పింఛను ఆపెయ్యాలని భుజంగరావు పెన్సిలుతో రాశాడు, కాంచనమాల గారు ఇంకుతో దిద్దారు. మర్నాటి నుంచి భవనమంతా వెతుకులాట మొదలైంది. వెతగ్గా వెతగ్గా శాస్త్రీయంగా పోయిన నలభై ఒక్క ఫైళ్ళూ దొరికాయి. వాటితోపాటు ఎవరికీ తెలియకుండా ఎప్పుడో పోయిన రెండు వందల ఫైళ్ళు, ఒక సైకిలు, ఒక రిటైరైన సూపరింటెండెంటు టిఫిన్ డబ్బా దొరికాయి. దొరికిన ఫైళ్ళ మీద అరవై ఒకటో రూలు ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో చర్య తీసుకోవాలి గనక, నలభై రోజులుగా చేతులు కట్టుకుని ఉన్న ఆఫీసర్లు ఒక్కుమ్మడిగా నిధులన్నీ అమ్మారు, కొన్నారు, మళ్ళీ అమ్మారు. బ్రోకర్లు కారిడార్లో లడ్లు పంచారు. నలభై రోజుల్లో పుంజుకున్నదంతా బీడీలవాళ్ళ నిధి ఆ రెండ్రోజుల్లో పోగొట్టుకుంది. దామోదరం లడ్డు తీసుకోలేదు.

ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం 411 గదికి అందరూ వచ్చారు. హయగ్రీవరావు గారు, కాంచనమాల గారు, భుజంగరావు, నిచ్చెన పట్టుకుని యాదగిరి. అటకలు దించారు. సొరుగులు బోర్లించారు. గోడగడియారం వెనక కూడా చూశారు. భుజంగరావు అలిసిపోయి ఇనప బీరువాకి వీపు ఆనించాడు.

"ఈ బిల్డింగులో ఊగకుండా ఉన్న వస్తువు ఇదొక్కటేనండీ" అని మెచ్చుకున్నాడు.

"దీన్ని జరిపి చూద్దామా సార్?" అన్నాడు యాదగిరి.

దామోదరం బీరువాకేసి చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

"జరపడానికి వీల్లేదు" అన్నారు కాంచనమాల గారు. "ఫర్నిచరు రోడ్లు భవనాల శాఖది. వాళ్ళ అనుమతి రావాలంటే ఆర్నెల్లు పడుతుంది."

హయగ్రీవరావు గారు దామోదరం భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువుగా, దయగా ఉంది. "దామోదరం గారూ, ముప్పై నాలుగేళ్ళ సేవ. మచ్చలేని మనిషి. ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ ఫైలు ఎక్కడ పోయిందో మీకు తెలుసా? చెబితే సాయంత్రానికి రిలీవింగ్ ఆర్డరు, పింఛను, ఎనిమిదో శాలువా."

దామోదరం ధైర్యవంతుడు కాడు. ఇంట్లో భార్యకి కళ్ళ ఆపరేషను ఉంది, బ్యాంకులో పెద్దగా ఏమీ లేదు. నోరు తెరిస్తే చాలు, బతుకు ఒడ్డున పడుతుంది. బీరువా నాలుగడుగుల దూరంలో ఉంది. ఆనాడు ఆ ఫైలుని దానికింద తోసింది తెలివితో కాదు, బస్సు తొందరలో. పాతికేళ్ళ పైచిలుకు ఆ తొందరకే శాలువాలు కప్పించుకున్నాడు. ఇప్పుడు తొందరేం లేదు. బుచ్చవ్వ కుర్చీలో కూచుని మోకాళ్ళు నొక్కుకోవడం కళ్ళముందు కదిలింది. మూడు వందల మంది నడుములూ, పొగకి ఎర్రబడ్డ కళ్ళూ కదిలాయి.

"తెలియదు సార్" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో పెట్టుబడి మాంత్రికుడు తీసుకున్న మొట్టమొదటి పెట్టుబడి నిర్ణయం అదే.

"రాసివ్వండి" అన్నాడు భుజంగరావు. రాసిచ్చాడు. సంస్థ ఆస్తియైన ఫైలుని అక్రమంగా పోగొట్టినందుకు, మళ్ళీ సక్రమంగా పోగొట్టడానికి సహకరించనందుకు, విచారణ పూర్తయ్యేదాకా పింఛను నిలుపుదల అని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. విచారణ మొదలవ్వాలంటే మూల ఫైలు కావాలి. కాబట్టి విచారణ ఎప్పుడు పూర్తవుతుందో మీరే ఊహించుకోవచ్చు. పాఠాల ఫారం కూడా తిరిగొచ్చింది. మొదటి పాఠం కొట్టేసి, "ఊరక ఉండుట అను చర్యకు సంస్థలో తగు విభాగము లేదు" అని పక్కన రాశారు.

జులై పన్నెండున బుచ్చవ్వ ఆఫీసుకి వెళ్ళి, దామోదరం లేడని తెలిసి, యాదగిరి దగ్గర అడ్రసు తీసుకుని ఉప్పల్లో వాళ్ళింటికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. మూత తియ్యగానే సర్వపిండి రొట్టె వాసన వరండా అంతా నిండింది.

"పదో తారీకే వడ్డది సారూ. బ్యాంకాయన పేరు పిలిసిండు. మూడు వందల మందికీ వడ్డది. ఈరమ్మైతె బ్యాంకులనే కూసోని ఏడ్సింది." ఆకు పరిచి ముక్కలు పెడుతూ అడిగింది. "మీకు వడ్డదా పించను?"

"లేదమ్మా. ఆపారు. ఫైలు పోయిందని."

"ఫైలు పోవట్కెనే మా పైసలు పెరిగినయని యాదగిరి జెప్పిండు." ఆమె ఆకుని ఆయన ముందుకి జరిపింది. "మాది పొయ్యికాడి బతుకు, అయినా గింత పెరిగింది. మీరు గంత పెద్ద నౌకరి జేసిన్రు. ఎప్పటికైనా ఇస్తరు గదా? మీ పైసలు ఎవలు సూస్తున్నరు?"

"మాది ఆఫీసర్ల నిధి బుచ్చవ్వా. చాలా జాగ్రత్తగా చూస్తారు. పదకొండుమంది పెద్ద ఆఫీసర్లున్నారు దాని మీద. రోజూ పొద్దున్నే మీటింగు పెడతారు. వారానికి రెండుసార్లు నోటు పెడతారు. ఒక్కరోజు కూడా చూడకుండా వదలరు."

బుచ్చవ్వ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. ఆమె దామోదరం ముఖంలోకి జాలిగా చూసింది.

"అయ్యో సారూ! మీ ఫైలు పోగొట్టెటోడు ఒక్కడన్న దొరకలేదా మీకు?"

దామోదరం తలొంచుకుని తినసాగాడు. ఆమె ఇంకో రెండు ముక్కలు ఆకులో వేసింది.